ఒంటరి నావికుడు - జాషువా స్లోకమ్

నేలపై దారి తప్పినవాడు ఎదురైన బాటసారిని అడిగి దారి తెలిసికొనగలడు. మైలురాయిని చూచియో, ఆలయ గోపురమును చూచియో తానెచ్చట నున్నాడో గుర్తింపగలడు. నడిసముద్రములోని నావికునకు అట్టి గుర్తులు లేవు. నాలుగు వైపుల నీరు, పైన ఆకాశము, అంతియే. తానున్న చోటు తెలియనిచో తీరము దగ్గరగుచున్నదో, దూరమగుచున్నదో తెలియదు. ముందు లోతైన నీరున్నదో, నీటిలో దాగిన రాళ్ళున్నవో తెలియదు. కావున తానున్న చోటును తెలిసికొనుటయే నావికవిద్యకు ప్రాణము. పెద్ద ఓడలలో ఈ పనికై వేరుగా అధికారులును, విలువగల యంత్రములును ఉండును. అట్టి సాయమేమియు లేక, 37 అడుగుల పొడవైనను లేని చిన్న తెరచాప పడవలో ఒంటరిగా భూగోళమును చుట్టి వచ్చిన మొదటి మనుష్యుడు జాషువా స్లోకమ్.

స్లోకమ్ 1844 ఫిబ్రవరి 20వ తేదీన నోవా స్కోషియాలోని మౌంట్ హాన్లీ అను పల్లెలో జన్మించెను. ఆ ప్రాంతము నేడు కెనడా దేశములో నున్నది. తండ్రి మొదట వ్యవసాయము చేసెను. పదునొకండుగురు సంతానమును పోషించుట కా పొలము చాలలేదు. అందుచే ఆ కుటుంబము సముద్రతీరమందలి బ్రయర్ ద్వీపమునకు తరలిపోయెను. తల్లి తండ్రి అచ్చటి దీపస్తంభమునకు కాపరి. రాత్రివేళ ఓడలకు దారి చూపు ఆ దీపమును, తీరమును తాకు అలలను చూచుచు బాలుడు పెరిగెను.

తండ్రి అచ్చట జాలరులకు తోలు బూట్లు కుట్టు పని పెట్టెను. పదేండ్ల ప్రాయముననే కుమారుని బడి మాన్పించి ఆ పనిలో కూర్చుండబెట్టెను. తోలు వాసనతో నిండిన ఆ చీకటి గదిలో కూర్చున్న బాలుని మనస్సు మాత్రము సముద్రముపై నుండెను. అతడు తీరిక వేళలలో రహస్యముగా ఒక చిన్న ఓడబొమ్మను చెక్కుకొనుచుండెను. ఒకనాడు తండ్రి దానిని చూచి, పని మాని ఆటలాడుచున్నాడని కోపించి, నేలకు కొట్టి ముక్కలు చేసెను. బొమ్మ విరిగినది గాని బాలుని కోరిక విరుగలేదు. పదునాలుగవ యేట అతడు ఇల్లు విడిచి ఒక చేపల పడవలో వంటవాడుగా చేరెను. వంట తెలియనందున ఆ కొలువు నిలువలేదు. ఇంటికి తిరిగి రావలసివచ్చెను. తల్లి మరణించిన పిదప, పదునారవ యేట, మరల బయలుదేరి ఓడలో కళాసిగా చేరెను.

ఆ కాలమున కళాసి బ్రదుకు కఠినమైనది. గాలివానలో తెరచాపలు చుట్టుటకు ఎత్తైన కొయ్యల పైకి ఎక్కవలెను. కాలు జారినచో ప్రాణము దక్కదు. స్లోకమ్ పగలు ఆ పని చేయుచు, విశ్రాంతి వేళలలో నావికగణితమును చదివెను. చిన్ననాటనే బడి విడిచినవాడైనను సూర్యచంద్ర నక్షత్రముల ఎత్తులు కొలిచి ఓడ యున్న చోటును లెక్కించుట నేర్చెను. పదునెనిమిదేండ్లకే రెండవ సహాయాధికారి పరీక్షలో నెగ్గెను. 1869లో తొలిసారి ఒక ఓడకు నాయకుడాయెను. 1871లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున వర్జీనియా వాకర్ అను యువతిని పెండ్లాడెను. ఆమె పదుమూడేండ్లు భర్తతోపాటు ఓడలలోనే కాపురము చేసెను. వారి పిల్లలందరును ఓడలపైననో, పరదేశపు రేవులలోనో జన్మించినవారే.

తరువాత కష్టములు ఒకదాని వెంట ఒకటి వచ్చెను. 1884లో బ్యూనస్ ఏర్స్ రేవున వర్జీనియా కన్నుమూసెను. 1886లో అతడు హెన్రియెటా అను నామెను వివాహమాడెను. మరుసటి సంవత్సరము చివర బ్రెజిల్ తీరమున అతని సొంత ఓడ ఎక్విడ్నెక్ ఇసుకమేటపై చిక్కుకొని పగిలిపోయెను. పరదేశములో భార్యాబిడ్డలతో నిలువ నీడలేక మిగిలిన స్లోకమ్ నిరాశ చెందలేదు. పగిలిన ఓడనుండి దొరకిన సామగ్రితోను, అచ్చటి అడవి కలపతోను 35 అడుగుల పడవ నొకదానిని కట్టెను. అది నీటిలోనికి దిగిన దినము 1888 మే 13. ఆనాడే బ్రెజిల్ దేశమున బానిసత్వము రద్దయ్యెను. అందుచే ఆ పడవకు స్వాతంత్ర్యమను అర్థము గల లిబెర్డాడే యను పేరు పెట్టెను. అందులో కుటుంబమును కూర్చుండబెట్టుకొని 55 దినములలో 5,500 మైళ్ళు నడిపి అమెరికా తీరమును చేర్చెను. చిన్న పడవ పెద్ద సముద్రమునకు తాళగలదని అతనికి అప్పుడే అనుభవమయ్యెను.

అప్పటికే లోకము మారిపోవుచుండెను. తెరచాప ఓడల స్థానమును ఆవిరి ఓడలు ఆక్రమించుచుండెను. తెరచాప విద్యలో ఆరితేరిన నాయకునకు పనియిచ్చువారు కరవైరి. 1892లో తిమింగిలముల వేటకు పోయివచ్చిన పాత మిత్రుడు ఈబెన్ పియర్స్ అతనిని కలిసికొని, తన యొద్ద ఓడ యొకటి కలదని, దానికి కొన్ని మరమ్మతులు కావలెనని చెప్పి, దానిని ఉచితముగా ఇచ్చెదననెను. స్లోకమ్ సంతోషముతో మాసచూసెట్స్ రాష్ట్రములోని ఫేర్‌హేవెన్ గ్రామమునకు పోయి చూచెను. పొలములో, నీటికి దూరముగా, ఏడేండ్లనుండి ఊతకొయ్యలపై నిలిచియున్న ముసలి పడవ యొకటి కనబడెను. దాని పేరు స్ప్రే. మిత్రుడు పరిహాసమాడెనని ఊరివారు నవ్వుకొనిరి.

స్లోకమ్ నవ్వినవారితో వాదింపలేదు. గొడ్డలి చేతబట్టి సమీపమందలి ఓక్ చెట్టును నరికి, దానితో పడవకు వెన్నెముక వంటి అడుగుదూలమును చెక్కెను. కొయ్యలను ఆవిరిలో మెత్తబరచి, వంచి, పడవకు ప్రక్కటెముకలుగా అమర్చెను. పాత కొయ్య నొకటి తీసి ఆ చోట క్రొత్త కొయ్య నొకటి వేయుచు పదుమూడు నెలలు పనిచేసెను. తన శ్రమ గాక సామగ్రికైన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు. పని ముగియునప్పటికి పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళములు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళములు ఆయెను. పేరు మాత్రము పాతదే నిలిచెను. ఆ పడవ గుణ మొకటి తరువాత అతని ప్రాణమును కాపాడెను. తెరచాపలను సరిగా అమర్చి చుక్కానిని త్రాటితో కట్టివేసినచో, అది మనుష్యుని చేయి లేకయే గంటల తరబడి ఒకే దిక్కున సాగిపోవుచుండెను.

కొంతకాలము చేపలు పట్టి చూచెను గాని లాభము లేకపోయెను. అప్పుడతడు భూమిని చుట్టివచ్చుటకు నిశ్చయించెను. 1895 ఏప్రిల్ 24వ తేదీన, ఏబదియొకటవ యేట, బోస్టన్ రేవునుండి ఒంటరిగా బయలుదేరెను. పడవలో దిక్సూచి, సముద్రపటములు, సూర్యుని ఎత్తు కొలుచు సెక్స్‌టెంటు యంత్రము, గణితపు పట్టికలు ఉండెను. లేనిది నమ్మదగిన గడియారము.

ఆ లోపమెంతటిదో గ్రహించుటకు నావికుని లెక్కను కొంత తెలిసికొనవలెను. మధ్యాహ్నమున సూర్యుని ఎత్తును కొలిచినచో అక్షాంశము తెలియును. దానికి కచ్చితమైన గడియారముతో పని లేదు. రేఖాంశము సంగతి వేరు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు, 4 నిమిషములకు ఒక డిగ్రీ. ఓడ యున్నచోటి కాలమునకును, గ్రీనిచ్ నగరపు కాలమునకును గల భేదమే రేఖాంశమును తెలుపును. భూమధ్యరేఖ వద్ద ఒక డిగ్రీ 60 నావిక మైళ్ళు. గడియారము ఒక్క నిమిషము తప్పినచో లెక్క 15 మైళ్ళు తప్పును. రాత్రివేళ రాళ్ళ తీరమును సమీపించువానికి 15 మైళ్ళ తప్పు ప్రాణాంతకము. అందుచేతనే ఓడలలో క్రోనోమీటరు అను మిక్కిలి కచ్చితమైన గడియారమును ఉంచుదురు.

స్లోకమునకు పాత క్రోనోమీటరు ఒకటి కలదు. దానిని బాగుచేయుటకు 15 డాలర్లు కావలసివచ్చెను. అంత సొమ్ము పెట్టలేక దానిని ఇంటనే విడిచెను. తరువాత నోవా స్కోషియాలోని యార్మత్ రేవులో తగరపు గడియారము నొకదానిని కొనెను. దాని ధర డాలరున్నర. ముఖము పగిలియున్నందున వర్తకుడు దానిని ఒక డాలరునకే ఇచ్చెను. కొంతకాలమునకు దాని నిమిషముల ముల్లు కూడ ఊడిపోయెను. ఆగినప్పుడెల్ల దానిని నీటిలో ఉడికించి నడిపింపవలసివచ్చెను. భూప్రదక్షిణ కంతకును అతని గడియార మదియే.

జూలై మాసమున అట్లాంటిక్ సముద్రమును దాటుచు అతడు అజోర్స్ దీవులలో ఆగెను. అచ్చటివారు పండ్లును, జున్నును కానుకగా ఇచ్చిరి. అవి తిన్న రాత్రి అతనికి తీవ్రమైన కడుపునొప్పి వచ్చెను. గాలి ముదిరినను తెరచాపలను దించలేక గదిలో నేలపై పడిపోయెను. మైకములో, చుక్కాని యొద్ద పాతకాలపు వేషము ధరించిన పొడగరి నావికుడొకడు నిలిచియున్నట్లు అతనికి తోచెను. ఆ వచ్చినవాడు తాను కొలంబసు పరివారములోని పింటా ఓడను నడిపినవాడనని చెప్పినట్లును అనిపించెను. తెల్లవారి లేచి చూడగా పడవ తప్పని దారిలోనే 90 మైళ్ళు సాగియుండెను. కల యేదైనను, రాత్రియంతయు దారి తప్పక నడచినది తాను చేతులార కట్టిన పడవయే.

సూయెజ్ కాలువ మీదుగా తూర్పునకు పోవలెనని అతని మొదటి సంకల్పము. జిబ్రాల్టరులోని బ్రిటిషు నౌకాధికారులు ఆ మార్గమున సముద్రపు దొంగలున్నారని హెచ్చరించిరి. స్లోకమ్ పట్టుదలకు పోక, వచ్చిన దిక్కునకే మరలి పడమరగా భూమిని చుట్ట నిశ్చయించెను. అయినను మొరాకో తీరమున దొంగల పడవ యొకటి అతనిని తరుముకొని వచ్చెను. అంతలో పెద్ద అల యొకటి విరుచుకొనిపడి రెండు పడవలను కుదిపెను. స్ప్రే తెరచాప దూలము విరిగెను. దొంగల పడవ కొయ్యయే కూలెను. ఆ విధముగా అపాయము తప్పెను.

1896 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికా కొనయందలి మెజెలాన్ జలసంధిని చేరెను. అచ్చటి తెగలవారికిని, వలసవచ్చిన తెల్లవారికిని అప్పటికే వైరము ముదిరియుండెను. ఒంటరివాడు నిద్రించునప్పుడు కావలి యెవరని పుంటా అరేనాస్ రేవున పెడ్రో సాంబ్లిచ్ అను నావికుడు విచారించి, తివాచీలకు కొట్టు చిన్న మేకులను సంచినిండ ఇచ్చెను. జలసంధిని దాటి పసిఫిక్ సముద్రమున అడుగిడిన వెంటనే భయంకరమైన తుపాను లేచి పడవను నాలుగు దినములు దక్షిణమునకు తరిమెను. ఒక రాత్రి చీకటిలో చుట్టును అలల హోరు వినబడెను. తెల్లని నురుగు మాత్రమే కనబడుచుండెను. నావికులు పాలపుంత యని పిలుచు రాళ్ళగుంపులో తాను చిక్కుకొన్నట్లు స్లోకమ్ గ్రహించెను. పూర్వము చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడపైనుండి చూచి భయానకమని వర్ణించిన చోటది. నురుగు కనబడినప్పుడెల్ల పడవను మరలించుచు, హోరు తక్కువగా వినబడు వైపునకు నడుపుచు, అతడు తెల్లవారువరకు కన్ను మూయక పోరాడి బయటపడెను. ఆ రాత్రి అతనికి చెవులే కన్నులాయెను.

బయటపడి చూడగా మరల జలసంధిలోనికే వచ్చియుండెను. అలసి నిద్రింపవలసివచ్చినప్పుడు మేకులను మొనలు పైకి వచ్చునట్లు పడవ పైతట్టునంతట చల్లి పడుకొనెను. నడిరాత్రి చాటుగా పడవ యెక్కినవారు వట్టి పాదములతో మేకులు త్రొక్కి కేకలు వేయుచు నీటిలోనికి దుమికిరి. తుపాకి పేల్చు అవసరమే అంతగా కలుగలేదు.

ఏప్రిల్ 13న జలసంధిని విడిచి, హువాన్ ఫెర్నాండెజ్ ద్వీపమున కొలది దినములాగి, విశాలమైన పసిఫిక్ సముద్రమున ప్రవేశించెను. నెలల తరబడి మానవముఖము కనబడని మార్గమది. ఇచ్చటనే అతని విద్యకు నిజమైన పరీక్ష వచ్చెను. తగరపు గడియారమును నమ్మి రేఖాంశము తేల్చుటకు వీలులేదు. అతడు పూర్వపు నావికుల పద్ధతిని అవలంబించెను. ఆకాశములో చంద్రుడు నక్షత్రముల నడుమ గంటకు ఇంచుమించు తన వెడల్పు మేర జరుగుచుండును. కావున చంద్రుడే ఒక పెద్ద గడియారము. నక్షత్రములు దాని అంకెలు. చంద్రునకును, సూర్యునికో నక్షత్రమునకో నడుమ గల కోణమును కొలిచి, పంచాంగపు పట్టికలతో పోల్చినచో గ్రీనిచ్ కాలము తెలియును. లెక్క మాత్రము మిక్కిలి కష్టము. క్రోనోమీటర్లు వచ్చిన పిదప ఈ విద్యను చాలమంది మరచిపోయిరి.

హువాన్ ఫెర్నాండెజ్ విడిచిన నలువది మూడవ దినమున, మార్క్వెసాస్ దీవుల సమీపమున, స్లోకమ్ ఊగులాడు పడవపై నిలిచి కోణమును కొలిచెను. లెక్క వేయగా, తన అంచనాకు వందల మైళ్ళు పడమరగా నున్నట్లు తేలెను. ఇది పొసగదని అతని మనస్సు చెప్పెను. గంటసేపటికి మరింత జాగ్రత్తతో కొలిచెను. మరల అదే ఫలితము. సాధారణుడు తన అంచనాయే తప్పని తలచి యుండును, లేక యంత్రమును నిందించి యుండును. స్లోకమ్ ఆ రెండును చేయక, తన లెక్కను మెట్టుమెట్టుగా వెనుకకు పరిశీలించెను. తుదకు అచ్చుపట్టికలోనే ఒక వరుస అంకెలలో తప్పున్నట్లు కనుగొనెను. దానిని సవరింపగా లెక్కయు, అంచనాయు కొద్ది మైళ్ళ తేడాతో కలిసిపోయెను. ఎదుట నుకుహివా ద్వీపపు కొండలు లెక్క చెప్పిన చోటనే కనబడెను. బడిచదువు లేని ఆ నావికుడు నడిసముద్రములో ఒంటరిగా పండితుల పట్టికను దిద్దెను.

డెబ్బది రెండు దినముల ప్రయాణము తరువాత జూలై 16న సమోవా దీవులలోని ఏపియాలో లంగరు వేసెను. అచ్చట నివసించిన ప్రసిద్ధ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1894లో మరణించియుండెను. అతని భార్య స్లోకమును ఆదరించి, భర్తకు ప్రియమైన నావికదర్శినీ గ్రంథములను బహూకరించెను. పటములేని చోట పటమువలె ఉపకరించు ఆ గ్రంథములను అతడు గౌరవముతో స్వీకరించెను.

ఆస్ట్రేలియా తూర్పు తీరమున ప్రసంగములు చేసి దారిఖర్చులు సంపాదించుకొని, పగడపు దిబ్బల నడుమ ఉత్తరముగా సాగి, 1897 జూన్‌లో థర్స్‌డే ద్వీపమును విడిచి హిందూ మహాసముద్రమున ప్రవేశించెను. అచ్చటినుండి 2,700 మైళ్ళ దూరమున కీలింగ్ కోకోస్ దీవులున్నవి. అవి నీటిమట్టమునకు కొలది అడుగులు మాత్రమే ఎత్తైన పగడపు దీవులు. కొద్దిపాటి తప్పు జరిగినను కనబడక దాటిపోవును. ఇరువది మూడు దినముల ప్రయాణములో స్లోకమ్ చుక్కాని పట్టినది మూడు గంటలకు మించలేదు. మిగిలిన కాలమంతయు పడవ తనంతట తానే నడచెను. అతడు పుస్తకములు చదివెను, వంట చేసికొనెను, సూర్యుని కొలిచెను. ఒక ఉదయమున తెల్లని సముద్రపక్షి యొకటి పడవ చుట్టును ఎగిరెను. నేల సమీపించినదని గ్రహించి కొయ్యపైకి ఎక్కి చూడగా, నీటినుండి మొలచినట్లు కొబ్బరిచెట్లు సరిగా ఎదుటనే కనబడెను.

రోడ్రిగ్స్, మారిషస్ దీవుల మీదుగా ఆఫ్రికా చేరెను. ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగరు భూమి బల్లపరుపుగా నున్నదని గట్టిగా నమ్మినవాడు. భూమిని చుట్టివచ్చుచున్న నావికుడు ఎదుట నిలిచినను అతని నమ్మకము సడలలేదు. స్లోకమ్ ఆ పెద్దమనిషితో తర్కింపక, నవ్వుకొని తన పడవకు మరలెను.

1898లో సెయింట్ హెలీనా ద్వీపమున ఒకరు అతనికి తోడుగా నుండునని మేకను బహూకరించిరి. ఆ మేక త్రాళ్ళను కొరికెను, గడ్డిటోపీని నమిలెను, వెస్టిండీస్ సముద్రపటమును సాంతముగా తినివేసెను. అసెన్షన్ ద్వీపమున దానిని దింపివేసినను పోయిన పటము తిరిగి రాలేదు. ఆ నష్టపు ఫలము మే మాసమున తెలియవచ్చెను. ట్రినిడాడ్ సమీపమున చీకటిరాత్రి ఎదుట తెల్లగా మెరయుచు అలలు లేచుచున్నట్లు కనబడెను. అది దాగిన దిబ్బయని తలచి అతడు పడవను మరలించెను. మరల అదే మెరుపు. పటములేనందున ఆ చోట దిబ్బ కలదో లేదో తెలియదు. గంటల తరబడి ప్రాణభయముతో అటునిటు మరలించుచు, మేకను పడవలోనికి తెచ్చినందుకు తన్ను తాను నిందించుకొనెను. అర్ధరాత్రి సమీపింపగా పెద్ద అల యొకటి పడవను పైకి ఎత్తెను. ఆ ఎత్తునుండి నిజము కనబడెను. అచ్చట దిబ్బ లేదు. ముప్పది మైళ్ళ దూరమున ట్రినిడాడ్ దీపస్తంభము తిరుగుచు, తన కాంతిని అలల కొనలపై విసరుచుండెను. దారి చూపవలసిన దీపమే, పటములేని నావికునకు భయకారణమాయెను.

1898 జూన్ 27వ తేదీ రాత్రి స్ప్రే అమెరికాలోని న్యూపోర్ట్ రేవును చేరెను. స్పెయినుతో యుద్ధము జరుగుచున్నందున రేవు ముఖద్వారమున నీటిమందుపాతరలుండెను. స్లోకమ్ పెద్ద ఓడలు పోలేని రాళ్ళ అంచునబడి తన చిన్న పడవను లోనికి నడిపెను. మూడు సంవత్సరముల రెండు నెలలలో 46,000 మైళ్ళు ప్రయాణము చేసెను. పిదప ఫేర్‌హేవెన్ పోయి, తొలిసారి పడవను కట్టిన గుంజకే దానిని మరల కట్టెను. అతని ప్రయాణ వృత్తాంతము 1900లో పుస్తకముగా వెలువడి లోకమంతట చదువబడెను.

ఆ తరువాత అతడు మార్తాస్ విన్యార్డ్ ద్వీపమున పొలము కొని నివసించెను. నేలపై బ్రదుకు అతనికి రుచింపలేదు. శీతకాలము రాగానే స్ప్రేలో వెస్టిండీస్ దీవులకు పోవుచుండెను. అరువది నాలుగేండ్లు నిండిన పిదప ఒక శీతకాలారంభమున, దక్షిణ అమెరికా నదులను చూడదలచి ఒంటరిగా బయలుదేరెను. మరల అతనిని గాని, స్ప్రేను గాని చూచినవారు లేరు. 1924లో న్యాయస్థానము అతడు మరణించినట్లు ప్రకటించెను. ముసలిదైన పడవ తుపానులో విచ్చిపోయి యుండునని కొందరు తలచిరి. రాత్రి అతడు నిద్రించు వేళ ఆవిరి ఓడ యేదో చిన్న పడవను గమనింపక దానిపైబడి పోయి యుండునని మరికొందరు ఊహించిరి. ఒంటరి నావికునకు తప్పని లోపమొకటి కలదు. పడవ తనంతట నడువగలదు గాని తనంతట చూడలేదు.

ఆ చూపును యంత్రములకు ఇచ్చు ప్రయత్నము అతని జీవితకాలముననే ఆరంభమాయెను. స్లోకమ్ లిబెర్డాడేలో అమెరికా తీరము చేరిన 1888లోనే జర్మనీలో హైన్రిచ్ హెర్ట్జ్ రేడియో తరంగములు లోహపు రేకునకు తగిలి తిరిగి వచ్చునని నిరూపించెను. 1904లో క్రిస్టియన్ హుల్స్‌మేయర్ కొలోన్ నగరమున రైను నదిపై పోవు ఓడను ఆ తరంగములతో కనిపెట్టి గంట మ్రోగించు యంత్రమును ప్రదర్శించెను. దానిని కొనువారు లేకపోయిరి. 1935లో బ్రిటనులో రాబర్ట్ వాట్సన్‌వాట్ చేసిన పరీక్షతో రాడార్ వృద్ధి చెందెను. ఈ తరంగములు సెకండునకు మూడు లక్షల కిలోమీటర్లు పోవును. 15 కిలోమీటర్ల దూరములోని ఓడను తాకి తిరిగివచ్చుటకు సెకండులో పదివేలవ వంతు చాలును. ఆ స్వల్పకాలమును కొలిచి యంత్రము దూరమును తెలుపును. చీకటి గాని, మంచు గాని దానికి అడ్డు కాదు.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత రాడార్ వాణిజ్య ఓడలకు వచ్చెను. నేడు మోటారుబండి వెనుక కట్టి రోడ్డుపై లాగికొనిపోదగిన చిన్న తెరచాప పడవలలో కూడ దానిని అమర్చుచున్నారు. కృత్రిమ ఉపగ్రహముల సంకేతములచే పడవ యున్న చోటును చూపు యంత్రమును, తెరపై కదలు సముద్రపటమును దానికి తోడుగా నుండును. అయినను చిన్న పడవకు చిన్న పడవ కష్టములు కలవు. రాడార్‌ను ఎత్తున నిలిపినచో దూరము కనబడును. కాని కొయ్య పైభాగమున బరువు పెరిగినచో పడవ ఒరిగిపోవును. యంత్రములకు విద్యుత్తునిచ్చు బ్యాటరీ చిన్నది. అది ఒడిగినచో తెర చీకటియగును. తీగల అతుకులను ఉప్పునీరు తినివేయును. కొయ్యయు, గుడ్డయు తరంగములను చక్కగా తిప్పి పంపవు. అందుచే చిన్న పడవలవారు పెద్ద ఓడలకు కనబడుటకై కొయ్యపై లోహపు పలకల గుత్తిని వ్రేలాడదీయుదురు. జాగ్రత్తగలవారు ఎన్ని యంత్రములున్నను దిక్సూచిని, కాగితపు పటమును విడువరు.

ఈ యంత్రములలో ఒక్కటి యున్నను మెజెలాన్ రాళ్ళ నడుమ ఆ రాత్రి, ట్రినిడాడ్ వద్ద ఆ భయము స్లోకమునకు కలిగి యుండవు. చివరి రాత్రి కూడ వేరుగా నుండెడిదేమో. కావున పనిముట్టును తృణీకరించుట శౌర్యము కాదు. పదునైదు డాలర్లు లేక గడియారమును విడిచిన స్లోకమ్ కూడ దానిని గొప్పగా ఎంచలేదు. కాని అచ్చైన పట్టిక తప్పు చెప్పినప్పుడు అది తప్పని గుర్తించినది యంత్రము కాదు, అభ్యాసముచే పదునెక్కిన అతని బుద్ధి. పనిముట్టు చూపునిచ్చును, చూచినదానిని పరీక్షించి దారి నిర్ణయింపవలసినది మనుష్యుడు. తోలుగదిలో విరిగిన ఓడబొమ్మ ముక్కలను చూచుచు కూర్చున్న బాలుడు, ఆ రెండవ విద్యను తనంతట నేర్చి, భూగోళమును చుట్టి వచ్చెను.